పాపిట ఎటు పక్కన?

ఒడిశా బరంపురంలో నేను ఫోటో స్టూడియో నడిపినన్నాళ్ళూ, ఫోటోలు పట్టుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు కవరు తెరిచి ఎక్కువసార్లు అన్నమాట ఒకటే. "ఏటి బాబూ, పాపిట అటేపు ఎలిపోనాది?" ఒడియావాళ్ళయితే అదే మాట ఒడియాలో అడిగేవారు. కొందరు నెగటివ్ తిరగేసి ప్రింటు వేశానని గొడవకు కూడా దిగేవారు. జేబు మీద పెన్ను ఎటుందో చూపించి, చొక్కా గుండీలు చూపించి నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

వాళ్ళ తప్పు కాదు. మనిషి తన ముఖం చూసుకునేది అద్దంలోనే. అద్దంలో ఎడమ పాపిట ఎడమ పక్కనే కనబడుతుంది. ఫోటోలో ఎదుటివాళ్ళు చూసే ముఖం వస్తుంది కాబట్టి అదే పాపిట కుడి పక్కకు పోతుంది. పాపిట ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ఏ ముఖమూ రెండు వైపులా సమానంగా ఉండదు. ఒక కనుబొమ కాస్త పైకుంటుంది, ముక్కు నూలుపోగంత పక్కకుంటుంది. ఇవన్నీ ఒక్కసారిగా అటువి ఇటు మారేసరికి "ఇది నేను కాదు" అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం "నీలాగే ఉంది కదా" అంటారు. వాళ్ళు రోజూ చూసేది ఆ ముఖమే మరి.

పేరున్నవాళ్ళు ఎవరూ ఈ మాట అడగలేదు. ఎమ్మెల్యేలు, నాటకాల్లో పద్యాలకు పేరుపడ్డ నటులు, పెద్ద వకీళ్ళు, సభలకు వచ్చిన సినిమావాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చాలాకాలం నేను దీన్ని పట్టించుకోలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. వాళ్ళకి తమ అచ్చు ముఖం తెలుసు. పేపర్లో, గోడ మీద, కరపత్రం మీద చూసి చూసి అలవాటు పడ్డారు. అందుకే నా దృష్టిలో పేరు రావడమంటే ఇదే: అద్దంలో ముఖం కంటే అచ్చులో ముఖం ఎక్కువ తెలియడం. ఫోటో తీసేవాడికి కష్టమూ అక్కడే మొదలవుతుంది.

మాది పర్లాకిమిడి. పని నేర్చుకున్నది బరంపురం బడాబజారులో ఒక తెలుగు మాస్టారి దగ్గర. బోర్డు మూడు లిపుల్లో ఉండేది, ఇంగ్లీషు అక్షరాలే అన్నిటికంటే చిన్నవి. మా మాస్టారు యాషికా ట్విన్ లెన్స్ కెమెరా వాడేవారు. తర్వాత నేను సొంతంగా కొనుక్కున్నదీ అదే. దానిలో నూట ఇరవై నంబరు రీలు పడుతుంది, చతురస్రం ఫ్రేములు పన్నెండు. కెమెరాను కంటికి ఆనించి గురిపెట్టే పని లేదు. రొమ్ము దగ్గర పట్టుకుని పైనుంచి తలవంచి అద్దంలోకి చూడాలి. కుర్చీలో కూర్చున్న పెద్దాయనకి ఎదురుగా ఒక కుర్రాడు తలవంచుకు నిలబడితే ఆయనకు హాయిగా ఉంటుంది. సగం బిగుసుకుపోవడం అక్కడే తగ్గిపోతుంది.

ఆ కెమెరాలో ఇంకో తమాషా ఉంది. పైనుంచి చూస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనబడుతుంది. అంటే కూర్చున్నాయన ఇంట్లో అద్దంలో చూసుకునే ముఖమే నాకూ కనబడేది. ప్రింటు తీశాక మాత్రం లోకం చూసే ముఖం వచ్చేది. ఇన్నేళ్ళూ నేను చూసిందొకటి, జనానికి ఇచ్చిందొకటి అని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మాస్టారు పాఠాలు చెప్పే మనిషి కాదు. "చెవులు చూడరా" అనేవారు. రెండు చెవులూ కనబడితే పాస్‌పోర్టు, ఒక చెవి కనబడితే పోర్ట్రెయిట్, అంతే ఆయన శాస్త్రం. విదేశీ పత్రికలోంచి కత్తిరించిన బ్రిటన్ ప్రధాని చర్చిల్ బొమ్మ ఒకటి డార్క్ రూమ్ తలుపుకి లోపలివైపు అంటించుకున్నారు. 1941లో కెనడా రాజధాని ఒట్టావాలో యూసుఫ్ కార్ష్ అనే ఫోటోగ్రాఫరు తీసినది. చర్చిల్ చుట్ట తీయనంటే కార్ష్ దగ్గరికెళ్ళి ఆయన నోట్లోంచి లాగేసి, వెంటనే వెనక్కొచ్చి క్లిక్ చేశాడు. ఆ కోపం ముఖమే యుద్ధకాలపు ధైర్యంగా లోకమంతా తిరిగింది. మాస్టారు ఈ కథను తన కళ్ళ ముందే జరిగినట్టు చెప్పేవారు. నాకు మాత్రం అప్పుడే అనుమానం. ఒట్టావాలో చెల్లింది కానీ, బడాబజారులో ఒక నాయకుడి నోట్లోంచి కిళ్ళీ లాగితే స్టూడియో ఉంటుందా? మా గంజాం జిల్లాలో కిళ్ళీ లేని పెద్దమనిషిని చూపించండి. బుగ్గ ఉబ్బి ఉంటుంది, పెదవులు ఎర్రబడి ఉంటాయి. నలుపు తెలుపు ఫిల్ములో ఎరుపు ముదురుగా పడి, పెదాలకు కాటుక రాసినట్టు వచ్చేది. అందుకని మాస్టారు ముందు టీ తెప్పించేవారు. టీ తాగాలంటే కిళ్ళీ ఉమ్మాలి కదా. మా ఊరి కార్ష్ పద్ధతి అది.

గోడ మీద వి.వి. గిరి గారి ఫోటో ఉండేది. ఆయన 1894లో బరంపురంలోనే పుట్టారు. 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతి. నేను పనిలో చేరేనాటికి ఆయన దిగిపోయారు కానీ ఊళ్ళో ఆయన బొమ్మ దిగలేదు. వకీళ్ళు వచ్చి ఆ ఫోటో కేసి చూసి, అలాగే నడుం నిటారుగా పెట్టి కూర్చునేవారు. ఒకరి ముఖం ఊరు ఊరందరికీ కూర్చునే తీరు నేర్పగలదని అక్కడ చూశాను.

గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి వేరు. ఆయన ముప్పై ఏళ్ళపాటు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలుస్తుంటే ఉండనని రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర గిరిజనుల కొండల్లో తిరిగి జ్వరాలకు మింగిన క్వినైన్ వల్ల చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 దగ్గర పడుతోందంటే తెలుగు బడుల పంతుళ్ళు ఆయన ఫోటో పెద్దది కావాలని వచ్చేవారు. మా దగ్గరున్నది కాపీకి కాపీకి కాపీ. ఫోటోను మళ్ళీ ఫోటో తీసిన ప్రతిసారీ మధ్య ఛాయలు కాస్త కాస్త పోతాయి, తెలుపు మరీ తెల్లగా, నలుపు మరీ నల్లగా అవుతుంది. కొన్నేళ్ళకు పంతులు గారి బుగ్గలు మాయమయ్యాయి. నేను పెన్సిలు పట్టుకుని బుగ్గలు గీసేవాణ్ణి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, మాస్టారూ చూడలేదు. అయినా ఏ పంతులూ "ఇది ఆయన కాదు" అనలేదు.

పెన్సిలు అన్నాను కదా, దాన్ని మేం టచింగ్ అనేవాళ్ళం. నెగటివ్ మీద ముడత ఉన్నచోట సన్నటి సీసంతో గీస్తే అక్కడ ప్రింటులో తెల్లబడుతుంది, ముడత పూడుతుంది. ఎన్నికల ముందు ఈ పని ఎక్కువ. వాల్‌పోస్టరుకి బ్లాకు చేయించాలంటే ముఖం గట్టి వెలుగునీడల్లో ఉండాలి, మెత్తటి ఛాయలు అచ్చులో మురికిలా పడతాయి. అందుకే నాయకులకి రెండు ఫోటోలు: ఇంటి గోడకి ఒకటి, ఊరి గోడకి ఒకటి. ఇంటి ఫోటోకి భార్య వచ్చి "ఈయన ఇంత వయసువారు కాదు" అనేది. ఊరి ఫోటోకి కార్యకర్త వచ్చి "ఇంకొంచెం వయసు కనబడాలి, పెద్దరికం రావాలి" అనేవాడు. ఒకే నెలలో ఒకే మనిషి ముడతలు పూడ్చాను, ముదురు చేశాను.

1989లో, 1991లో పర్లాకిమిడి రాజవంశం నుంచి గోపీనాథ గజపతి బరంపురం ఎంపీగా గెలిచారు. ఆ రోజుల్లో ఊళ్ళో ఏ స్టూడియోకైనా ఎన్నికల ప్రింట్ల పని చేతినిండా ఉండేది. కానీ నేను చెప్పాలనుకుంటున్నది 1996 గురించి. ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు నంద్యాలతో పాటు బరంపురంలోనూ నిలబడ్డారు. రెండుచోట్లా గెలిచి, నంద్యాల వదులుకుని మా సీటు ఉంచుకున్నారు. ఒడిశాలో తెలుగువాడు ఎంపీ! మా వీధిలో తెలుగు మాట్లాడడం కూడా ఓ మెట్టు పైకెక్కినట్టుండేది ఆ కొద్దిరోజులు.

సభకు ఫోటోలు తీయమని ఒక చిన్న నాయకుడు నన్ను పెట్టుకున్నాడు. తనూ పీవీ ఒకే ఫ్రేములో పడాలన్నది అతని తాపత్రయం. ఎండాకాలం, కెమెరా తోలు చేతికి కాలుతోంది. దగ్గరికి వెళ్ళనివ్వరు కాబట్టి ఆ రోజు యాషికా కాదు, అద్దెకు తెచ్చిన నికాన్, దానికి పొడుగు లెన్స్. అందులోంచి ఆ ముఖాన్ని చాలాసేపు చూశాను. దేశమంతా కార్టూన్లు గీసిన ఆ ముందుకొచ్చిన పెదవులే. నాయకులందరూ కెమెరా కనబడగానే ఏదో ఒకటి చేస్తారు. చెయ్యి ఎత్తుతారు, నవ్వుతారు, కనీసం మెడ సర్దుకుంటారు. ఈయన ఏమీ చేయలేదు. కెమెరా ఉన్నా లేనట్టే. మధ్యలో ఎవరో ప్రసంగిస్తుంటే ఒక్క క్షణం కళ్ళు మారాయి. తరగతిలో పిల్లాడి జవాబు వింటున్న పంతులి చూపు అది, నవ్వు కాదు కానీ నవ్వుకు పక్కింట్లో ఉంది. నొక్కేశాను.

నా లెక్కలో ఆ రీలు మొత్తంలో పనికొచ్చే ఫోటో అదే. పెద్దసైజు ప్రింటు వేసి ముందు పెట్టాను. ఆ చిన్న నాయకుడు చూసి పక్కన పెట్టేశాడు.

"బాగుంది గానీ గురూ, పీవీలా లేదు."

పేపర్లో రోజూ వచ్చే ముఖంలాంటిది ఏరుకుని పట్టుకెళ్ళాడు. అతని మీద కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే అతను అన్నదీ నిజమే. అచ్చులో ముఖం ఒకసారి స్థిరపడ్డాక ఆ మనిషి కూడా దాన్ని మార్చలేడు. ప్రధానమంత్రి అయినా సరే.

కొండ ఊళ్ళలో దీనికి పూర్తిగా తిరుగుడు చూశాను. 1993లో ఎన్నికల సంఘం ఓటరు గుర్తింపు కార్డులు తెచ్చింది, శేషన్ గారి కాలం. తర్వాత గజపతి జిల్లా లోపలి ఊళ్ళలో ఫోటోలు తీసే పని కాంట్రాక్టరు కింద కొన్నాళ్ళు చేశాను. తీయడం సులువు, దుప్పటి కట్టి కుర్చీ వేస్తే చాలు. చిక్కంతా కార్డులు పంచేటప్పుడు వచ్చింది. పేరు చదవడం రానివాళ్ళు బల్ల మీద పరిచిన కార్డుల్లో తమది తాము ఏరుకోలేకపోయారు. ఊళ్ళో ప్రతివాడూ పక్కవాడి కార్డు ఠక్కున తీసి ఇస్తున్నాడు, తనది మాత్రం కనబడడం లేదు. ఒక సవర ముసలమ్మ చేతిలో తన కార్డు పెడితే, ఎవరిదో అనుకుని వెనక్కి ఇచ్చేసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆమె ఇంకోసారి చూసి, "మా అమ్మలా ఉంది" అందని ఒక కుర్రాడు తెలుగులో చెప్పాడు. నా స్టూడియోలో మేకప్ సరిచూసుకుని కూర్చున్న ఏ పెద్దమనిషీ తన ఫోటోను అంతసేపు చూడలేదు.

సినిమావాళ్ళ గురించి అడుగుతారని తెలుసు. ఎక్కువమంది లేరు. సాంస్కృతిక సభలకు వచ్చి వెళ్ళేవారు, స్టూడియో మెట్లెక్కినవారు తక్కువ. ఒక క్యారెక్టర్ నటుడు, పేరు చెప్పను, అర్జెంటుగా ఫోటోలు కావాలని ఒక సాయంత్రం వచ్చారు. కూర్చోగానే లైటు ఎటుందో చూసుకుని తనే ఎడమ చెంప ఇటు తిప్పారు. మా మాస్టారి చిట్కా నాకు అలవాటు: పదకొండో ఫ్రేము కాగానే "అయిపోయింది సార్" అని ఒక లైటు ఆర్పేయడం. మనిషి ఊపిరి వదిలి భుజాలు దించుతాడు, ఆ పన్నెండోదే అసలు ఫోటో. ఈ కెమెరా షట్టరు చప్పుడు గోరు విరిచినంత కూడా ఉండదు, తెలియదు. వకీళ్ళు, వ్యాపారులు, ఎమ్మెల్యేలు అందరూ పడిపోయారు దీనికి. ఈయన మాత్రం లైటు ఆరినా అలాగే కూర్చున్నారు.

"ఇంకోటి ఉంది కదా, అదీ కానివ్వు" అన్నారు.

కానిచ్చాను. పన్నెండూ ఒకేలా వచ్చాయి. తీయడంలో నేను నిజంగా ఓడిపోయింది ఆయన దగ్గరే, ఒప్పుకోడానికి నాకేం చిన్నతనం లేదు.

దీనికి పూర్తిగా వేరు రకం ముచ్చట ఠాకురాణీ యాత్ర. రెండేళ్ళకోసారి బుధీ ఠాకురాణీ అమ్మవారు పుట్టింటికి వచ్చే రోజుల్లో ఊరంతా వేషాలు. పులివేషం వేసినవాళ్ళు ఒళ్ళంతా పసుపు, నలుపు చారలతో నేరుగా స్టూడియోకి వచ్చేవారు. కుర్చీకి రంగు అంటుతుందని పాత గోనె పరిచేవాళ్ళం. నలుపు తెలుపు ఫిల్ములో ఆ పసుపు తేలిపోకుండా చూసుకోవడం ఒక పరీక్ష. వేషంలో ఉన్నవాడికి పాపిట గొడవ లేదు, "పులి బాగా వచ్చిందా" అన్నదొక్కటే. మామూలు రోజుల్లో కెమెరా చూస్తే మాట పడిపోయే చేనేత కుర్రాళ్ళు, రంగు పూసుకున్నాక సినిమా హీరోల కంటే ధీమాగా నిలబడేవారు.

కలర్ ల్యాబులు వచ్చాయి, పెన్సిలు మూలపడింది. డిజిటల్ వచ్చింది, డార్క్ రూమ్‌లో బియ్యం బస్తాలు పెట్టుకున్నాం. 2009లో ఒడియా సినిమా హీరో సిద్ధాంత్ మహాపాత్ర బరంపురం ఎంపీ అయ్యారు, 2014లో మళ్ళీ. అప్పటికి ఊరంతా ఫ్లెక్సీలే. ఫోటో కావాలని మా దగ్గరకు ఎవరూ రావడం లేదు, నెట్‌లోంచి దింపుకుంటున్నారు. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు షాపు చూస్తున్నాడు. కాలేజీ పిల్లలు వచ్చి కూర్చోగానే తమ చెంప ఏదో తామే చెప్తారు, నవ్వు సిద్ధం చేసుకునే వస్తారు. అందరూ ఆ క్యారెక్టర్ నటుడి శిష్యులే. కానీ ఫోన్ సెల్ఫీ కెమెరా తెర మీద ముఖాన్ని అద్దంలా చూపిస్తుంది కదా, ప్రింటు చేతికివ్వగానే మొన్నొక అమ్మాయి అంది: "అంకుల్, నా ముఖం తిప్పేశారా?" ఆ మాట మళ్ళీ వినడం నాకు ఎంత సంతోషంగా ఉందో ఆ పిల్లకి తెలియదు.

నెగటివ్‌లు చాలావరకు ఫైలిన్‌కు పోయాయి. 2013 అక్టోబరు 12 రాత్రి తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. పైకప్పు రేకు లేచిపోయి పెట్టెలు తడిశాయి. తడిసిన నెగటివ్‌లు ఆరిపోతే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. అందుకని ఆరనివ్వకుండా బకెట్లలో చల్లటి నీళ్ళు పోసి అందులోనే ఉంచి, ఒక్కొక్కటే విడదీసి తాడుకి వేలాడదీశాం. కరెంటు లేదు, తాగడానికే నీళ్ళు కరువు. ఇంట్లో ఆడవాళ్ళ చేత ఎన్ని తిట్లు తిన్నానో. ఎమ్మెల్యేలు చాలామంది పోయారు. పులివేషాలు చాలా మిగిలాయి, ఎందుకో తెలియదు, బహుశా ఆ పెట్టె పైనుండి ఉంటుంది.

పోయిన నాయకుల ఫోటోలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఎవరైనా పోయారని తెలిసిన గంటలోపే దండ వేయడానికి ప్రింటు కోసం మనిషి వచ్చేవాడు. అది మామూలే. కానీ ఒకసారి విగ్రహం చేసే శిల్పి వచ్చాడు. మా వైపు ఒక పెద్దాయనకు కూడలిలో కంచు విగ్రహం పెడుతున్నారు. ఎదురుగా తీసినవి అతని దగ్గర బోలెడున్నాయి. "పక్క నుంచి తీసింది కావాలి. ముక్కు ఎంత బయటికుందో, చెవి ఎక్కడ మొదలయిందో, మెడ వెనక ఎలా ఉందో ఇందులో ఏం తెలుస్తుంది?" అన్నాడు. ఊళ్ళో అన్ని స్టూడియోలూ వెతికాడు. నలభై ఏళ్ళు రాజకీయాల్లో ఉన్న మనిషిని ఎవరూ పక్క నుంచి తీయలేదు. చివరికి ఎవరిదో పెళ్ళి ఆల్బంలో, బంతిలో కూర్చుని వడ్డించేవాడి వైపు తల తిప్పిన ఫోటో ఒకటి దొరికింది. కూడలిలో ఉన్న ఆ విగ్రహం ముక్కు పులుసు కోసం చూస్తున్న ముక్కే.

అప్పటినుంచి ఎవరు పేరున్నవాళ్ళు వచ్చినా, అంతా అయ్యాక తల పక్కకు తిప్పమని ఒకటి ఎక్కువ తీసేవాణ్ణి. ఎందుకని అడిగితే లైటు సరిచూసుకోడానికండీ అనేవాణ్ణి. అందరూ నమ్మేవారు. ఒక మాజీ మంత్రిగారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "విగ్రహానికా?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకెత్తి, "ఇలా తియ్యి" అన్నారు.